ఉచిత ట్రాన్స్‌క్రిప్టు హక్కు (అమెరికా)

కోర్టు విచారణలో పలికిన ప్రతి మాటనూ నమోదు చేసిన ప్రతిని ట్రాన్స్‌క్రిప్టు అంటారు. దాన్ని కొనే స్తోమత లేని నిందితుడికి అప్పీలు కోసం ప్రభుత్వమే సమకూర్చాలన్న సూత్రం, 1956లో అమెరికా సుప్రీంకోర్టు గ్రిఫిన్ వర్సెస్ ఇల్లినాయ్ కేసులో ఇచ్చిన తీర్పుతో నెలకొంది.

ఎందుకు అవసరం

అమెరికాలో అప్పీలు కోర్టు సాక్షులను మళ్లీ పిలవదు. ఎవరు ఏం చెప్పారు, లాయరు దేనికి అభ్యంతరపెట్టారు, జడ్జి జ్యూరీకి ఏం సూచించారు అన్నవన్నీ రికార్డులో చూసే, కింది కోర్టు తప్పు చేసిందో లేదో తేలుస్తుంది. కోర్టు రిపోర్టరు స్టెనో యంత్రంపై సంకేతలిపిలో తీసుకున్నదాన్ని తర్వాత మామూలు లిపిలోకి మారుస్తారు. రుసుము సాధారణంగా పేజీల లెక్కన ఉంటుంది కాబట్టి విచారణ సాగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆ ప్రతి చేతికి రాని పేదవాడికి అప్పీలు హక్కు పేరుకే మిగులుతుంది.

గ్రిఫిన్ తీర్పు

కుక్ కౌంటీలో సాయుధ దోపిడీ కేసులో శిక్షపడిన ఇద్దరు, తమ దగ్గర డబ్బు లేదని, ట్రాన్స్‌క్రిప్టు ఉచితంగా ఇప్పించాలని కోరారు. అప్పట్లో ఇల్లినాయ్‌లో మరణశిక్ష పడిన పేదలకే కౌంటీ ఖర్చుతో ఆ ప్రతి ఇచ్చేవారు. 1956 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో వారికి అనుకూలంగా తీర్పునిచ్చింది. అప్పీలు సౌకర్యం కల్పించి తీరాలని రాజ్యాంగం రాష్ట్రాలను నిర్బంధించకపోయినా, ఒకసారి కల్పించాక పేదరికం కారణంగా దాన్ని కొందరికి దూరం చేయకూడదని జస్టిస్ హ్యూగో బ్లాక్ వివరించారు. పద్నాలుగో సవరణ ఇందుకు ఆధారం. జరిగినదాన్ని సరిగ్గా తెలిపే వేరే మార్గముంటే రాష్ట్రం దాన్నీ వాడుకోవచ్చన్నారు.

తర్వాతి విస్తరణ

ఉచిత ప్రతి ఇవ్వాలా వద్దా అన్నది విచారణ జడ్జి ఇష్టానికి వదలడం చెల్లదని 1958లో ఎస్క్రిడ్జ్ కేసులో కోర్టు తేల్చింది. 1967లో రాబర్ట్స్ వర్సెస్ లావెలీ తీర్పు ప్రాథమిక విచారణ ప్రతికీ ఈ సూత్రాన్ని వర్తింపజేసింది. 1971లో మేయర్ వర్సెస్ షికాగో కేసులో నిందితుడికి జైలుశిక్ష పడలేదు, 500 డాలర్ల జరిమానా మాత్రమే పడింది. అయినా అప్పీలుకు సరిపడే రికార్డు పొందే హక్కు అతనికుందని కోర్టు ప్రకటించింది.

1996లో ఈ రక్షణ కుటుంబ వ్యాజ్యాలను తాకింది. మిసిసిపీలో ఒక తల్లికి పిల్లలపై హక్కులను కోర్టు రద్దు చేసింది. అప్పీలుకు రికార్డు తయారీ ఖర్చు కింద 2,352 డాలర్లకు పైగా ముందే కట్టాలన్నారు. ఆ సొమ్ము లేదని తల్లి అప్పీలును అడ్డుకోవడం తగదని జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తీర్పు రాశారు.

పరిమితులు

ఈ హక్కుకు హద్దులున్నాయి. 1971 నాటి బ్రిట్ తీర్పు రెండు ప్రశ్నలు వేయమంది: ఆ ప్రతి వాదనకు ఎంత ఉపయోగం? అదే పని చేసే మరో మార్గం ఉందా? అప్పీలు ముగిశాక శిక్షను సవాలు చేసే ఫెడరల్ ఖైదీకి ఉచిత ప్రతి ఇవ్వాలంటే వాదనలో పస ఉందని జడ్జి ధ్రువీకరించాలన్న షరతును 1976లో మెక్‌కాలమ్ తీర్పు సమర్థించింది. ఇక రిపోర్టరే లేని కోర్టుహాలులో ట్రాన్స్‌క్రిప్టు పుట్టనే పుట్టదు. అందుకే ఫీజు మినహాయింపు పొందిన కక్షిదారులు అడిగితే సివిల్ విచారణకూ రిపోర్టరును, లేదా అధికారిక నమోదుకు మరో చెల్లుబాటైన ఏర్పాటును కల్పించాలని 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జేమ్సన్ వర్సెస్ డెస్టా కేసులో నిర్దేశించింది.

భారతదేశంలో

మన చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది తీర్పు ప్రతిని ఉచితంగా పొందే హక్కు. జైలుశిక్ష పడిన నిందితుడికి వెంటనే ఆ ప్రతి ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 363వ సెక్షన్ చెప్పింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 404వ సెక్షన్. 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దీన్ని న్యాయమైన విధానంలో భాగంగా గుర్తించి, జైలుకు పంపిన ప్రతిని ఖైదీకి అందజేసి రాతపూర్వక రసీదు తీసుకోవాలని అధికారులను ఆదేశించారు.