సిల్వర్ ఘోస్ట్, రైత్: రెండు కాలాల రోల్స్‌రాయిస్‌లు

దూరప్రయాణాన్ని వేగంగా, అలసట తెలియకుండా సాగించడానికి తయారైన ఖరీదైన కార్లను గ్రాండ్ టూరర్లంటారు. రోల్స్‌రాయిస్ 1906లో మొదలుపెట్టిన సిల్వర్ ఘోస్ట్, 2013లో జెనీవా మోటార్ షోలో ఆవిష్కరించిన రైత్ ఈ కోవకు చెందినవే. వీటి మధ్య వందేళ్ల పైచిలుకు ఎడముంది. అయినా రెండింటి తయారీ వెనుక ఉన్న పట్టుదల ఒకటే: గేరు మారిన సంగతి లోపల కూర్చున్నవారికి తెలియకూడదు.

సిల్వర్ ఘోస్ట్ అసలు పేరు 40/50 హెచ్‌పీ. ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోశారు. మొదట 7,036 సీసీ ఉన్న ఇంజిన్‌ను తర్వాత 7,428 సీసీకి పెంచారు. దాని ప్రత్యర్థి నేపియర్ లండన్ నుంచి ఎడింబరో దాకా టాప్ గేర్‌లోనే నడిచి సవాలు విసిరింది. 1911లో ఎర్నెస్ట్ హైవ్స్ నడిపిన సిల్వర్ ఘోస్ట్ కూడా ఆ దారంతా గేరు మార్చకుండా వెళ్లొచ్చింది. గ్యాలనుకు 24 మైళ్లకు పైగా ఇచ్చింది. ఆ వెంటనే బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌పై గంటకు 78 మైళ్ల వేగం అందుకుంది. అంత భారీ ఇంజిన్‌కు ఆ మైలేజీ నిజంగా గొప్పే. అయితే మరుసటి ఏడాది ఆల్ప్స్ పోటీలో కాట్ష్‌బెర్గ్ ఎత్తు ఎక్కలేక మూడు గేర్ల సిల్వర్ ఘోస్ట్ నిలిచిపోయింది. 1913లో నాలుగు గేర్లతో తిరిగొచ్చి అదే కొండల్లో పరువు నిలబెట్టుకుంది.

సికింద్రాబాద్‌వాసులు సిల్వర్ ఘోస్ట్‌ను చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే చాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డరిచ్చిన పసుపురంగు కారు అది. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. కారు చేతికి రాకముందే, ఆ ఏడు ఆగస్టులో నిజాం కన్నుమూశారు. వారసుడు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని వేడుకలకే పరిమితం చేశారు. 1947 నాటికి తిరిగింది 356 మైళ్లేనంటారు. అంటే ఇంచుమించు సికింద్రాబాద్ నుంచి విజయవాడకు ఒకసారి వెళ్లొచ్చినంత. ఊళ్లు దాటి పరుగెత్తడానికి పుట్టిన ఇంజిన్‌ను ఊరేగింపు నడకకు కట్టేయడం ఆ యంత్రానికి జరిగిన అన్యాయమే. నిజాం కార్లలో 1906 నాటి నేపియర్ కూడా ఉండేది. ఇంగ్లండ్‌లో పోటీపడిన రెండు కంపెనీల కార్లూ ఇక్కడ ఒకే యజమానికి చెందాయి.

రైత్ రెండు తలుపుల కూపే. తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి. పన్నెండు సిలిండర్ల 6,592 సీసీ ఇంజిన్‌కు రెండు టర్బోలున్నాయి. శక్తి 624 హార్స్‌పవర్. అంటే సిల్వర్ ఘోస్ట్ ఇంజిన్ కన్నా ఇది చిన్నది, బలం మాత్రం ఎన్నో రెట్లు. గేర్లు ఎనిమిది. జీపీఎస్ ద్వారా ముందున్న మలుపును, ఎత్తును పసిగట్టి తగిన గేరును కారే ముందుగా ఎంచుకుంటుంది. హైవ్స్ ఒకే గేరుతో సాధించిన నిమ్మళాన్ని ఇది ఎనిమిదింటితో సాధిస్తుంది. 2023లో రైత్ తయారీ ఆగింది. అదే ఏడాది నుంచి కొన్నవారికి అందుతున్న రోల్స్‌రాయిస్ విద్యుత్ కూపే స్పెక్టర్‌లో మార్చడానికి గేర్లే లేవు.