చంద్రగిరి రాజమహలు

విజయనగర చరిత్రను హంపీ శిథిలములతోడనే ముగించువారు అనేకులు గలరు. కాని 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధానంతరము ఆ రాజ్యము పెనుగొండకును, ఆ పిమ్మట చంద్రగిరికిని తరలి, అరవీటి వంశీయుల యేలుబడిలో మరికొన్ని తరములు నిలిచినదని ఎరుగగోరువారు తిరుపతి చెంతనున్న యీ కోటను చూడవలెను.

కొండపాదమున నిలిచిన రాజమహలు మూడంతస్తుల మేడ. కొయ్య వాడక, రాయి, ఇటుక, సున్నములతోడనే దానిని నిర్మించినారు. వరుసలు తీరిన కమానులు దక్కను సుల్తానుల వాస్తువును తలపించుచుండగా, పైకప్పుమీది శిఖరములు మన దేవాలయ విమానములను స్మరింపజేయును. పరస్పరము కత్తులు దూసిన యిరుపక్షముల విద్యయు ఒక్క కట్టడమున నింత సహజముగ కలసిపోవుట, రాజుల జయాపజయములకంటె నాకు మిన్నగ తోచును.

రెండవ వేంకటపతిరాయలు ఇచ్చట కొలువుదీరి జెస్యూటు మతగురువులను సైత మాదరించెను. 1639లో మదరాసు స్థలమును ఆంగ్లవర్తకుల కొసగిన దామర్ల వేంకటాద్రి నాయకుడును ఈ వంశపు రాయలకు సామంతుడే. ఒక మహానగరమున కంకురార్పణ చేసిన ఆ దానముతో చంద్రగిరి పేరును ముడిపడియున్నది.

నేడు కేంద్ర పురావస్తు శాఖవారు రాజమహలును ప్రదర్శనశాలగ మార్చి, శిలావిగ్రహములను, లోహప్రతిమలను, ఆయుధములను అందు భద్రపరచినారు. ప్రక్కనే రాణీమహలు గలదు. శ్రీనివాసుని సేవించి తిరుగు ప్రయాణమునకు త్వరపడు యాత్రికులారా, ఒక్క పూట చంద్రగిరికి కేటాయింపుడు.