చెరువులోని చేఁప యెవరిది?



మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల జాలరులకు నీ ప్రశ్న నూతనము గాదు. కౌటిల్యుని యర్థశాస్త్రము రెండవ యధికరణమందు, సేతువులలోని మత్స్యములపై స్వామ్యము రాజుదని విధించి, జాలరులు పట్టినదానిలో నాఱవ భాగమును రాజునకు రుసుముగా నీయవలెనని నిర్ణయించినది. అనఁగా జలము రాజుది, శ్రమ జాలరిది, ఫలము ఉభయులది.

కాలక్రమమున వేలముపాటలు వచ్చినవి. పాట జరిగినచోట ధనవంతుఁడగు గుత్తదారుఁడు చెరువునకుఁ బ్రభువయ్యెను; తరతరములుగా వల వేసినవాఁడు తన యూరి చెరువులోనే కూలివాఁడయ్యెను.

దీనికి మందు సహకారము. 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము క్రింద నమోదైన మత్స్యకార సంఘములు చెరువులను కౌలునకుఁ బొందుచున్నవి. సభ్యత్వము గోరువారు వల విసరుట మొదలగు విద్యలలో మత్స్యశాఖవారి నైపుణ్యపరీక్షకు నిలువవలెను. 2016-17లో ప్రభుత్వము చేఁపపిల్లల నుచితముగా నిచ్చు పథకమును ఆరంభించెను. వేసవిలో నెండు చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగున నీరు నిలుచు జలాశయములకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు నిర్ణయింపఁబడినవి. మిక్కిలి చిన్నపిల్లను విడిచినచో నది కొఱ్ఱమీను వాతఁబడును.

చేఁపపై హక్కు వచ్చినది గాని, నీటిపై మాట రాలేదు. కట్ట, తూము, అలుగు నీటిపారుదల శాఖవి. శికము భూముల లెక్క రెవెన్యూ శాఖది. ఈ ప్రాంతము 1978లో రంగారెడ్డి జిల్లాలోను, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోను జేరినది. నగరము మేడ్చలు, శామీరుపేటలను దాఁకినది. వాగు మూసుకొనినను, నీరు చెడినను మొదట నష్టపడువాఁడు జాలరి. సభ్యత్వమునకై గంగపుత్రులును ముదిరాజులును వాదులాడుచుండఁగా చెరువే చిన్నదగుచున్నది!

నార్వే దేశపు లోఫోటెన్ దీవులలో 1897వ సంవత్సరపు శాసనము వేటనియమములను నిర్ణయించు నధికారమును జాలరులకే యొసఁగినది. అట్టి యధికారము యాచనచే రాదు, యోగ్యతచే వచ్చును.

కావున మేము మూఁడు మాటలు విన్నవించుచున్నాము. పిల్లలను విడుచు దినమున సంఘసభ్యులు దగ్గఱ నిలిచి లెక్కింపవలెను. ఏటేట జమాఖర్చులను సర్వసభ్యుల యెదుటఁ జదువవలెను. చెరువు నిండుమట్టమునకు హద్దురాళ్లు నాటునపుడు ఉభయకులములవారును గలసి హాజరు కావలెను. నీరు నిలిచిననాఁడే హక్కు నిలుచును.