కొడిగట్టిన కొవ్వొత్తి

కిందటి కార్తీకంలో అమ్మ మా ఇంటికొచ్చినప్పుడు డైనింగ్ టేబుల్ మీద గాజుగ్లాసులో నేను పోసిన మల్లెపూల వాసన కొవ్వొత్తి వెలుగుతోంది. వెలుగుతోంది అనేకన్నా పొగ చిమ్ముతోంది అంటే సరిగ్గా ఉంటుంది. అమ్మ వంగి చూసి, "కొడి కట్టిందే తల్లీ, దులపవేం?" అంది.

వత్తి కొసన నల్లటి బొడిపె, చిన్న పుట్టగొడుగులా. అది ఎందుకొస్తోందో తెలియక మూడు వారాలుగా ఒకసారి మైనం మారుస్తున్నాను, ఒకసారి రంగు మానేస్తున్నాను. "కొడిగట్టిన దీపం" అని బీఏ పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! పోబోయే ప్రాణానికి ఉపమానం అని అర్థం కూడా రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ కొడి అంటే కాలకుండా మిగిలిన వత్తి కొస, మసి పట్టిన ముద్ద అని కళ్ళారా చూసింది మాత్రం ఆ రోజే.

ఈ పరీక్షలన్నీ ఎందుకు మొదలయ్యాయో చెప్పాలి. శ్రావణంలో మా ఆడపడుచు గృహప్రవేశానికి పన్నెండు గ్లాసు కొవ్వొత్తులు చేసి ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. పది రోజుల తర్వాత ఫోన్ చేసింది. "వదినా, ఏమీ అనుకోకు, ఒక గ్లాసు చిట్లింది" అని. కొత్త షోకేసు అరమీద వేడిమైనం కారి, చెక్క పాలిష్ పోయింది. పిల్లలు పక్కగదిలోనే ఉన్నారట. తప్పు నాదే. మైనం అంచులదాకా కరగక మధ్యలో నుయ్యిలా గొయ్యి పడుతోందని, ఎవర్నీ అడక్కుండా లావు వత్తి వేశాను. ఆ మంట పెద్దదై గ్లాసుని కాల్చింది. ఆ రోజు నుంచి అడుగుదాకా నేను కాల్చి చూడని కొవ్వొత్తి ఎవరి చేతికీ ఇవ్వకూడదనుకున్నాను. అలా చదవడం మొదలుపెడితే, నాకొచ్చిన ప్రతి తంటా రెండొందల ఏళ్ళ కిందట ఎవరికో ఒకరికి వచ్చినదే అని తేలింది.

అసలు మన మాటలోనే సగం చరిత్ర ఉంది చూడండి. కొవ్వు, వత్తి కలిస్తే కొవ్వొత్తి. ఐరోపాలో చర్చిలకీ జమీందార్లకీ తేనెమైనం ఉండేది గానీ, మామూలు ఇళ్ళలో వెలిగింది ఆవు, గొర్రె కొవ్వుతో చేసినవే. మెత్తగా ఉండేవి, కారిపోయేవి, కంపు కొట్టేవి. అన్నిటికన్నా పెద్ద బాధ కొడి. వాటి వత్తి మెలిపెట్టిన నూలు. మంట నడుమ నిటారుగా నిలబడేది. మంట లోపల గాలి ఉండదు కాబట్టి కొస కాలదు, బొగ్గై పేరుకుంటుంది, వెలుగు మసకబారుతుంది, పొగ వస్తుంది. అందుకని ఎవరో ఒకరు పక్కనే ఉండి మాటిమాటికీ కత్తిరిస్తూ ఉండాలి. దానికి ప్రత్యేకంగా కత్తెరలుండేవి, తెగిన కొడి కింద పడకుండా వాటికే ఒక చిన్న డబ్బా. నాటకశాలల్లో ఈ పనికే మనుషుల్ని పెట్టుకునేవారట. ఇళ్ళలో ఆ కత్తెర ఎక్కువగా ఎవరి చేతిలో ఉండేదో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఫ్రాన్సులో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కొవ్వుల్ని పరిశీలించి, కొవ్వంటే ఒకే పదార్థం కాదని, కొవ్వు ఆమ్లాలూ గ్లిజరినూ కలిసి ఉంటాయని 1823లో పుస్తకం వేశాడు. గ్లిజరిన్ తీసేస్తే మిగిలే స్టియరిన్ గట్టిగా ఉంటుంది, ముక్కు మండించే ఆ కంపూ ఉండదు. 1825లో గేలుసాక్‌తో కలిసి పేటెంటు తీసుకున్నాడు గానీ వ్యాపారం సాగలేదు. మంచి మైనం ఒక్కటే చాలదు మరి. ఇక్కడ నాకు నా మూడు వారాలూ గుర్తొచ్చాయి.

అదే 1825లో కాంబసెరెస్ అనే ఇంజనీరు వత్తి సంగతి పట్టించుకున్నాడు. మెలిపెట్టడం మానేసి జడలా అల్లాడు. అల్లిన వత్తి కాలుతూ ఒక పక్కకి వంగుతుంది. కొస మంట అంచు దాటి బయటికొస్తుంది, అక్కడ గాలి తగిలి తనంతట తనే బూడిదవుతుంది. అంతే! కత్తెర పట్టుకు కూర్చునే పని పోయింది. తర్వాత 1830ల్లో పారిస్‌లో ద మిల్లీ అనే ఆయన వత్తిని బోరిక్ ఆమ్లంలో తడిపి, మిగిలిన బూడిద బెడద కూడా తీర్చాడు. రోజూ జడలేసే మనలో ఎవరికైనా ఈ ఊహ తట్టి ఉండాల్సింది అనిపించింది నాకు.

1840లో విక్టోరియా రాణి పెళ్ళికి లండన్‌లో ప్రైస్ కంపెనీ వాళ్ళు కత్తిరించనక్కర్లేని కొవ్వొత్తులు అమ్మారు. వాటిలో స్టియరిన్‌తో పాటు కొబ్బరినూనె నుంచి తీసిన గట్టి పదార్థం కలిపారు. ఆ తర్వాత రాతిచమురు నుంచి పారఫిన్ వచ్చింది. బర్మా చమురులో మైనం ఎక్కువ. అక్కడి చమురు శుద్ధి కర్మాగారాల్లో, రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి వెళ్ళినవాళ్ళలో మన గోదావరి, విశాఖ వైపు నుంచి ఓడెక్కి రంగం పోయినవాళ్ళు చాలామంది. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళని కోరంగీలనేవారు. చిన్నప్పుడు కరెంటు పోతే వెలిగించుకున్న తెల్ల కొవ్వొత్తి వెనక ఇంత ప్రయాణం ఉందని అప్పుడు తెలీదు.

ఇక ఫారడే. పెద్ద శాస్త్రవేత్త, 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు. "పనీపాటా లేక మైనంతో ఆటలు" అని మా ఇంట్లో అన్నవాళ్ళకి ఈ సంగతి కావాలనే రెండుసార్లు చెప్పాను. అందంగా గాళ్ళు దిద్దిన కొవ్వొత్తులు ఎందుకు కారిపోతాయో ఆయన చెప్పాడు. మంట వేడికి చుట్టూ గాలి పైకి లేస్తూ అంచుల్ని సమంగా చల్లబరిస్తే కరిగిన మైనం దొన్నెలో ఉన్నట్టు నిలుస్తుంది. గాళ్ళుంటే చల్లదనం సమంగా అందదు, దొన్నె అంచు తెగుతుంది. నేను గులాబీ అచ్చులో పోసినవన్నీ ఎందుకు ఏడ్చాయో అప్పుడర్థమైంది.

గ్లాసులో పోస్తే ఈ లెక్క తిరగబడుతుంది. గ్లాసే దొన్నె కాబట్టి అంచు కరిగితే నష్టం లేదు, కరగకపోతేనే గొయ్యి. ఆ గొయ్యి పోవాలని వత్తి లావు చేస్తే మంట తాను కాల్చగలిగినదానికన్నా ఎక్కువ మైనం తాగుతుంది, మిగిలింది కొడిగా మారుతుంది. దానికి తోడు వాసన బాగా రావాలని నేను సోయా మైనంలో నూటికి పన్నెండు పాళ్ళు సువాసన నూనె పోశాను. అందులో పూర్తిగా కాలని బరువైన పదార్థాలు వత్తికి అడ్డం పడ్డాయి. కంపు పోగొట్టడానికి, కొడి తప్పించడానికి వాళ్ళు పడ్డ పాట్లన్నీ పడితే, నేను వాసన పోసి ఆ కొడిని మళ్ళీ ఇంటికి పిలిచానన్నమాట.

ఇప్పుడు రెండొందల గ్రాముల మైనానికి పద్నాలుగు గ్రాముల నూనె. వత్తి ఒక సైజు తగ్గించాను. పోశాక రెండు వారాలు ముట్టుకోను. వెలిగించే ముందు ప్రతిసారీ వత్తి ఆరు మిల్లీమీటర్లకి కత్తిరిస్తాను. మొదటిసారి మూడు, నాలుగు గంటలు, మైనం అంచుదాకా కరిగేవరకు ఆర్పను, అలాగని అంతకన్నా ఉంచను. గ్లాసు చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందంటే ఆ వత్తి పనికిరాదని పుస్తకంలో కొట్టేస్తాను. చిట్లేది ఎక్కువగా చివర్లోనే, మంట అడుగుకి చేరినప్పుడు. అందుకే అర అంగుళం మైనం మిగలగానే ఆపేయమని ప్రతి గ్లాసుకీ చీటీ అంటిస్తున్నాను.

అమ్మ ఇదంతా విని, "కొడి దులపడానికి ఇంత చదవాలా?" అని, అగరుబత్తి పుల్ల తీసుకుని వత్తిని ఎగదోయబోయింది. ఇది నూనె దీపం కాదమ్మా అని ఆపి, ఆర్పేసి, చల్లారాక కత్తెర చేతికిచ్చాను.

ఆడపడుచుకి ఇవ్వాల్సిన కొత్త గ్లాసు, సంపంగి వాసనది, వంటింటి గట్టు మీద స్టీలు పళ్ళెంలో ఉంది. తొమ్మిదోసారి వెలిగించాను. ఇంకా రెండు వేళ్ళ మైనం ఉంది.