బడి మూసిన రోజులు నేర్పిన పాఠం



పిల్లవాడు బడికి వెళ్లనని మారాం చేస్తే బుజ్జగించి పంపిస్తాం. మరి బడే పిల్లల్ని రావద్దంటే? 2020 మార్చిలో అదే జరిగింది. కరోనా వల్ల తెలంగాణలో బడులన్నీ మూతపడ్డాయి. పదో తరగతి పరీక్షలు మధ్యలోనే ఆగిపోయి, చివరికి మిగతావి రాయకుండానే పిల్లలందరినీ పాసు చేశారు. అయితే ఇలాంటి కష్టం లోకానికి కొత్తది కాదు. పూర్వం వాళ్లేం చేశారో చూద్దామా?

1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్నంతా కుదిపేసింది. అమెరికాలో చాలా పట్టణాలు బడులు మూసేస్తే న్యూయార్కు మాత్రం మూయలేదు. ఆరోగ్యాధికారి రాయల్ కోప్‌లాండ్ చెప్పిన కారణం వినండి. ఆ ఊరి పిల్లల్లో ఎక్కువమందివి గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్లు. వాటికన్నా శుభ్రమైన బడిగది నయం, అక్కడైతే రోజూ డాక్టరో నర్సో చూస్తారు, ఒళ్లు వెచ్చబడిన పిల్ల వెంటనే తెలిసిపోతుంది అన్నాడాయన. బడుల్లో వైద్యపరీక్షలు చేసే ఏర్పాటు అక్కడ అప్పటికే ఉంది కాబట్టి ఆ మాట అనగలిగాడు. అంటే బడి అక్షరాలు దిద్దించే చోటు మాత్రమే కాదు, పిల్లల బాగోగులు కనిపెట్టే చోటు కూడా.

1937లో చికాగోలో పోలియో వచ్చి బడులు తెరవడం వాయిదా పడింది. అప్పుడు రేడియోలో పాఠాలు చెప్పారు. ఏ తరగతికి ఎప్పుడు పాఠమో పత్రికల్లో వేశారు. ముచ్చటగానే ఉంది కదూ! కానీ అన్ని ఇళ్లలోనూ రేడియో లేదు. ఉన్నా పాఠం పరుగెడుతుంటే, వెనకబడిన పిల్ల చెయ్యెత్తి “అర్థం కాలేదు టీచర్” అని అడగలేదు.

సరిగ్గా 83 ఏళ్ల తర్వాత మన దగ్గరా అదే కథ. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. కామారెడ్డి జిల్లా బాన్సువాడ వైపు చూడండి. నిజాంసాగర్ నీళ్లతో వరి పండే నేల అది. నాట్లకూ కలుపుకూ వెళ్లే తల్లులు, బీడీలు చుట్టే తల్లులు ఉన్న ప్రాంతం. అలాంటి ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పెద్దవాళ్లతో బయటికి వెళ్తే పిల్లకు పాఠం ఎక్కడిది? టీవీ ఉన్నా, పక్కన కూర్చుని చెప్పే మనిషేరీ? బడిలో దొరికే వేడి అన్నం సంగతి సరేసరి.

దీని ఫలితం తర్వాత బయటపడింది. అసర్ సర్వే ప్రకారం దేశంలో రెండో తరగతి పుస్తకం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో నూటికి 27 మంది. 2022 నాటికి వాళ్లు 20కి దిగిపోయారు. చూశారా, కరోనాకు ముందే పునాది బలహీనంగా ఉంది, ఆ పైన దెబ్బ తగిలింది. పిల్లను పై తరగతిలో కూర్చోబెట్టినంత మాత్రాన కింది తరగతి చదువు వచ్చేయదు. పులుసు మరగకముందే పోపు పెడితే రుచి వస్తుందా? అందుకే తెలంగాణలో 2022 ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ మొదలుపెట్టారు. అయిదో తరగతి వరకు పిల్లలకు ముందు చదవడం, రాయడం, లెక్క చేయడం గట్టిగా నేర్పాలన్నది దాని ఉద్దేశం. తరగతిని బట్టి కాక, పిల్లకు ఎంతవరకు వచ్చో చూసి అక్కడి నుంచి చెప్పడమే అసలు మార్పు.

ఇందులో మన వంతు పని కూడా ఉంది. మార్కుల కార్డు ఒక్కటే చూడకండి. పుస్తకం తెరిచి ఒక పేజీ పైకి చదివించండి. మీ ఇంట పనికి వచ్చే ఆమె కూతురు బడికి పోతోందో, చిన్న తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోతోందో ఒక్కసారి అడగండి. బడి మూసిన రోజుల్లో మానేసిన పిల్ల, తలుపు తెరిచినంత మాత్రాన తనంతట తాను తిరిగి రాదు. ఎవరో ఒకరు వెళ్లి పిలవాలి. ఆ పిలిచేవాళ్లు మనమే ఎందుకు కాకూడదు?