మూడు పడుల బాకీ

2024 ఏప్రిల్‌లో పార్లమెంటు ఎన్నికలకు నాలుగు రోజుల ముందు మా బ్రాంచికి ఒకావిడ వచ్చింది. నగల మీద తీసుకున్న అప్పుకు వడ్డీ కట్టాలి. సందు మొదట్లో ఇడ్లీల అంగడి పెట్టుకున్న మనిషి. తెలుగావిడే. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి చెన్నపట్నం వచ్చి స్థిరపడిన కుటుంబం. రసీదు అందుకుంటూ అడిగింది: "ఓటేస్తే మినప్పప్పు ధర దిగుతుందా సారూ? దిగేటట్టుంటే చెప్పండి, అంగడి మూసి పోయొస్తాను. లేదంటే ఒక పూట బేరం పోగొట్టుకునేది దేనికి?"

నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్లుగా జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. ఫలానా పని లాభమా నష్టమా అంటే చటుక్కున చెప్పగలగాలి. చెప్పలేకపోయాను. "వెయ్యాలమ్మా, ఓటు మన హక్కు గదా" అని పాఠ్యపుస్తకంలోని మాట ఒకటి అప్పజెప్పి పంపించాను. ఆ మాట నా చెవికే చప్పగా తోచింది. ఆ తరువాత సెలవు రోజుల్లో కొంత చదివాను, ఇంట్లో పెద్దల్ని కొంత అడిగాను. జవాబు ఎక్కడో లేదు, మేముంటున్న ఊళ్లోనే ఉంది. చరిత్రకారుణ్ణి కాను గనుక పద్దు రాసినట్టే రాస్తాను.

మొదటి పద్దు బకింగ్‌హాం కాలువ. ఇవాళ ముక్కు మూసుకుని దాటే ఈ కాలువ మీద ఒకప్పుడు మన కోస్తా జిల్లాల నుంచి బియ్యం, కట్టెలు పడవల్లో వచ్చేవి. నగరంలో కూవం నదినీ అడయారునూ కలిపే ముక్కను 1877-78లో తవ్వారు. తవ్వినవాళ్లు కరువు కూలీలు. మన పెద్దవాళ్లు ధాత కరువని చెప్పుకునేవారే, ఆ కరువు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపాడు. విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా చాటే సంబరం అది. మద్రాసులో కరువు ఖర్చు ఎక్కువవుతున్నదని, దాన్ని అదుపు చెయ్యమని అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను ఇక్కడికి పంపాడు. టెంపుల్ ఒక లెక్క వేశాడు. పనిలోకి వచ్చిన మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌనంటే అర కిలోకు తక్కువ. పొద్దస్తమానం మట్టి మోసే మనిషికి ఇది ఎంతమాత్రం చాలదని శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. వాదం రికార్డుల్లో మిగిలింది. ఆనాడు మద్రాసు టైమ్స్ సంపాదకుడుగా ఉన్న విలియం డిగ్బీ మరుసటి ఏడు ఈ కరువు మీద రెండు సంపుటాలు రాశాడు. రైళ్లు లేక కాదు, రేవులో ధాన్యం లేక కాదు, కొనే డబ్బు లేక జనం పోయారని అవి చదివితే తెలుస్తుంది. పోయినవారు యాభై లక్షలకు పైమాటే.

టెంపుల్ లెక్క తప్పడం కంటే నన్ను ఎక్కువగా ఆపింది మరో సంగతి. ఆ లెక్క తప్పినా ఆయనకు పోయేది ఏమీ లేదు. అదే 1877లో ఆయన బొంబాయి గవర్నరయ్యాడు. మా బ్యాంకులో ఒక అప్పు మొండిబాకీ అయితే మంజూరు చేసిన ఆఫీసరు కనీసం సంజాయిషీ రాసుకోవాలి. లక్షల ప్రాణాలు పోయిన చోట సంజాయిషీ అడగవలసిన జనానికి ఖాతాయే లేదు.

ఆస్తి ఉన్నవాడికీ పన్ను కట్టేవాడికీ మాత్రమే ఓటుండే నడుమ కాలాన్ని దాటేస్తాను. 1951-52లో మొదటిసారి పేదవాడికీ ఓటు వచ్చింది. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో బియ్యానికి కటకటగా ఉంది. రేషను కార్డు, కంట్రోలు, క్యూలు. ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజా. రాజపాళయం రాజుల కుటుంబం, అంటే మనలాగే తరతరాలుగా తమిళదేశంలో ఉంటున్న తెలుగువాడు. నిరాడంబరుడని పేరు. ఆయన శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయాడు. పలువురు మంత్రులూ ఓడారు. 375 స్థానాల సభలో కాంగ్రెసుకు దక్కినవి 152. దిక్కుతోచక రాజాజీని పిలిచి ముఖ్యమంత్రిని చేశారు. ఆయన ఆ ఏడు జూన్‌లో ఆహార ధాన్యాల మీద కంట్రోలు ఎత్తేశాడు. ఆయన స్వయంగా ఓటర్ల ముందుకు వెళ్లినవాడు కాదు, పెద్దల సభ ద్వారా వచ్చాడు. కాని కుమారస్వామి రాజా గెలిచి ఉంటే ఆయన్ను పిలవవలసిన అగత్యమే ఉండేది కాదు.

అసలు కథ 1967ది. నేనప్పటికి పుట్టలేదు. ఇది మా అమ్మ చెప్పిన కథ, కాగితాలతో సరిచూసుకున్నాను.

1957 నుంచి ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ నాలుగూ కలిసి దక్షిణ బియ్యం మండలంగా ఉండేవి. నెల్లూరు బియ్యం మద్రాసుకు రావడానికి అడ్డు లేదు. 1964లో ఆ మండలాన్ని విడగొట్టారు. ఏ రాష్ట్రం బియ్యం ఆ రాష్ట్రంలోనే. మా అమ్మ పుట్టిల్లు నాయుడుపేట దగ్గర పల్లె, మెట్టినిల్లు మద్రాసు. రెండింటి మధ్య రైల్లో ఒక్క పూట ప్రయాణం. మా తాత కూతుర్ని చూడడానికి వచ్చినప్పుడల్లా పరుపుచుట్టలో దాచి పది కిలోల బియ్యం తెచ్చేవాడట. ఒకసారి సరిహద్దు దగ్గర తనిఖీలో పట్టుకున్నారు. బియ్యం పోయింది, పరుపు మిగిలింది. ఆ పరుపు భుజాన వేసుకుని ఇంటికొచ్చిన తాత ఆ పూట అన్నానికి కూర్చోలేదట, వీళ్ల గిన్నెలో తగ్గిపోతుందని. "సొంత చేలో పండింది మాకు దొంగసరుకైపోయింది" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, అత్తిల్లు మరో రాష్ట్రంలో ఉండే మనబోటి వాళ్లకు ఈ గీత మిగతావారి కంటే ఎక్కువ కోసుకుంది.

దాని మీద 1965, 1966లలో దేశంలో వరసగా వానలు ఎగ్గొట్టాయి. అమెరికా గోధుమ ఓడ రేవులో దిగితేనే పొయ్యి వెలిగే పరిస్థితి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4 రూపాయల 76 పైసలు ఇచ్చేవాళ్లం, 7 రూపాయల 50 పైసలు ఇవ్వవలసి వచ్చింది. మద్రాసు వీధుల్లో ముఖ్యమంత్రి భక్తవత్సలం పేరుకు ప్రాస కట్టి, బియ్యం ధర ఏమయిందని ఊరేగింపుల్లో అడిగేవారు. డి.ఎం.కె. ఒక్క వాగ్దానం చేసింది. రూపాయికి మూడు పడుల బియ్యం. కిలోలు వచ్చి కొన్నేళ్లయినా ఇంట్లో కొలత పడే గదా. మూడు పడులంటే సుమారు నాలుగున్నర కిలోలు.

ఫిబ్రవరిలో పోలింగు. నూటికి డెబ్బై ఆరుగురికి పైగా ఓటేశారు. 1962లో ఆ సంఖ్య డెబ్బై చిల్లర. చేతిలో డబ్బు లేనివాడు ఓటుకు రాడనే మాట ఇక్కడ నిలవలేదు. శ్రీపెరుంబుదూరులో భక్తవత్సలం ఓడాడు. విరుదునగర్‌లో కామరాజు ఓడాడు, అదీ ఒక విద్యార్థి నాయకుడి చేతిలో, 1,285 ఓట్ల తేడాతో. బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించినవాడు అన్నం దగ్గరే ఓడాడంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మా నాన్న కామరాజుకు వీరాభిమాని, అమ్మ మాత్రం సూర్యుడి గుర్తుకే వేసిందట. ఆ సంగతి ఆయన పోయాక గాని బయటపెట్టలేదు.

బియ్యమొక్కటే కారణమని నేననను. 1965 హిందీ వ్యతిరేకోద్యమం ఉంది, ప్రతిపక్షాల పొత్తు ఉంది. మొత్తం ఓట్లలో కాంగ్రెసుకు నూటికి 41.10, డి.ఎం.కె.కు 40.69. తక్కువ వచ్చినవారు 234లో 137 గెలిచారు. ఎక్కువ వచ్చినవారికి 51. లెక్కల మనిషికి ఇది ఒళ్ళు జలదరించే పద్దు. గీతకు అవతల, బియ్యం మిగులు ఉన్న ఆంధ్రలో అదే ఏడు కాంగ్రెసు 165 స్థానాలతో హాయిగా నెగ్గింది.

మరి మూడు పడులు వచ్చాయా? రాలేదు. మూడు లక్ష్యమే గాని ఒక పడి మాత్రం ఖాయమన్నాడు అణ్ణాదురై. 1967 మే నెలలో మద్రాసు, కోయంబత్తూరు నగరాల్లో రూపాయికి ఒక పడి ఇచ్చారు. ఖజానా తట్టుకోలేక రాష్ట్రమంతటికీ చాచలేకపోయారు. 1969 ఫిబ్రవరిలో అణ్ణాదురై కన్నుమూశాడు. హామీలో మూడో వంతు, అదీ రెండు ఊళ్లలో. మా భాషలో దీన్ని వసూలు కాని బాకీ అంటాం.

అయితే వసూలు కాని బాకీ కూడా పుస్తకంలో ఉంటుంది. కొట్టేసేదాకా అది ఎవరో ఒకరి పేరున నిలిచే ఉంటుంది. 1967 తరువాత ఆ రాష్ట్రంలో ఏ ప్రభుత్వమూ బియ్యం పద్దును కొట్టెయ్యలేదు. 1972లో పౌర సరఫరాల సంస్థ పెట్టారు. 1997లో కేంద్రం పేదలూ పేదలు కానివాళ్లూ అని కార్డులు విడదీయమంటే, తమిళనాడు అందరికీ ఇచ్చే పద్ధతినే నిలుపుకుంది. రెండు పార్టీలు మారి మారి వచ్చాయి, ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నారు, ఒకరి పథకానికి మరొకరు పేరు మార్చారు. రేషను అంగడి మాత్రం మూతపడలేదు. ధాత కరువు కూలీకి లేనిది ఇదే. పట్టుకుని అడగడానికి ఒక పేజీ.

ఆంధ్రలో ఇదే కథ 1983లో నడిచింది. ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం మాట ఇచ్చి అధికారంలోకి వచ్చాడు, ఇచ్చాడు. 1996లో దాన్ని మూడున్నర చేశారు. 2008లో మళ్లీ రెండు రూపాయలకు దించవలసి వచ్చింది.

ఇదంతా ఓట్ల కోసం లంచం గదా అనేవారున్నారు. మా కాంటీనులో నూటికి తొంభై మంది ఆ మాటే అంటారు. రుణమాఫీ మాట వింటే ఒళ్ళు మండే జాతి మాది. 1990లోనూ 2008లోనూ మాఫీ ప్రకటించగానే, సక్రమంగా వాయిదాలు కట్టినవాడు మా ముఖం చూసి నవ్విపోయాడు. ఆ చేదు నాకూ ఉంది. అయినా మాఫీనీ బియ్యాన్నీ ఒక గాటన కట్టలేను. అప్పు తీసుకున్నవాడు తిరిగి కడతానని సంతకం పెట్టాడు. ఆకలిగొన్నవాడు అలా ఎక్కడా సంతకం పెట్టలేదు.

ఇడ్లీల ఆవిడకు మళ్లీ కనిపించినప్పుడు నిజమే చెప్పాను. ఓటేసినందుకు ధర దిగదమ్మా అన్నాను. 2007లో చవకగా ఇవ్వడం మొదలుపెట్టిన సరుకుల్లో మినప్పప్పు కూడా ఉండేది. తరువాత దాన్ని ఆపేశారు. ఆపినప్పుడు గట్టిగా అడిగినవాళ్లు లేరు, అది చెప్పాను. "బియ్యం ఆపితే ఊరుకుంటామా?" అంది ఆవిడ. ఆవిడ ఇడ్లీలు రేషను బియ్యంతోనే. వేలి మీద సిరా ఇంకా పోలేదు.

2008 సెప్టెంబరులో తమిళనాట కిలో బియ్యం రూపాయి చేశారు. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు అమ్మకు చదివి వినిపించాను. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "మూడు పడులన్నారు. అంటే ఇంకా మూడున్నర కిలోలు రావాలి" అంది.