జీవాలు ఎవరివి?
(చెన్నేకొత్తపల్లి ప్రాంతపు స్త్రీలు - ఒక చిన్న చరిత్ర)

సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. చరిత్ర అనగానే మన వైపు అందరికీ పెనుకొండ కోట, లేపాక్షి బసవన్న గుర్తుకు వస్తాయి. వాటిని గురించి వ్రాయగల పెద్దలు మన సభ్యులలోనే ఉన్నారు. నేను పశుసంవర్ధక శాఖలో 30 ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నేను దగ్గరగా చూసిన చరిత్ర గొర్రెల దొడ్లలో జరిగినది. దానిని శాసనాల మీద ఎవరూ చెక్కలేదు గనుక ఇక్కడ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

చెన్నేకొత్తపల్లి ఒకప్పటి 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమయింది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుండి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా వాన తీరు మారలేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ అదను తప్పి కురిసే వాన. వేరుశనగ నాలుగేళ్ళకొకసారి చేతికందితే గొప్ప. అందుచేత ఇక్కడి బీదవానికి అసలైన బ్యాంకు జీవాలే. మన వైపు గొర్రెలను, మేకలను కలిపి జీవాలనే అంటారు గదా! పంట ఎండినా జీవం కొండ ఎక్కి నాలుగు ఆకులు తిని బ్రతుకుతుంది.

మందను తోలుకొని పోయే మగవాడు అందరికీ కనిపిస్తాడు. వెనుక జరిగే పని కనిపించదు. తెల్లవారకముందే దొడ్డి ఊడ్చి పెంట దిబ్బకు చేర్చేది ఇంటి ఆడమనిషి. ఈనిన గొర్రె పిల్లకు పాలివ్వకపోతే దానిని పట్టుకొని కుడిపించేది, తల్లి చచ్చిన పిల్లను మేకపాలతో బ్రతికించేది, పగలంతా పిల్లలను గంప కింద మూసి కాపాడేది ఆమే. కురుబ కుటుంబాలలో కంబళ్ళకు ఉన్ని వడికేది కూడా ఆడవారే. కరువు వచ్చి మగవారు బెంగుళూరు బస్సెక్కితే మందను తోలే కర్ర కూడా ఆమె చేతికే వచ్చేది.

ఇంత చేసినా ఆ జీవాలు ఆమెవి కావు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐ.ఆర్.డి.పి. పథకం ఊరూరా నడుస్తోంది. సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా ఇచ్చేవారు. అప్పు కాగితం మీద పేరు ఇంటి యజమానిది. జీవానికి చెవిబిళ్ళ వేసి ఇన్సూరెన్సు చేస్తే ఆ కాగితమూ ఆయన పేరనే. గొర్రె చచ్చిపోతే పశువుల డాక్టరుగారు పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. తెగిన చెవిని, బిళ్ళను పట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తుకొని వచ్చేది ఆడమనిషే అయినా క్లెయిము డబ్బు మాత్రం కాగితం మీద పేరున్నవారికే పోయేది. వానలకు ముందు చిటుక రోగానికి టీకాలు వేయడానికి పోయినప్పుడు, రిజిస్టరులో వ్రాసుకోవడానికి "ఈ జీవాలు ఎవరివమ్మా?" అని అడిగేవాణ్ణి. గొర్రెను రెండు చేతులా గట్టిగా పట్టుకొని నిలబడిన ఆమె "మా ఇంటాయనవి సార్" అనేది. ఏ ఊరికి పోయినా అదే జవాబు.

ఇది మన సీమకే పరిమితమని అనుకోనక్కరలేదు. పాశ్చాత్య దేశాలలో పశువులను పెంచే పెద్ద పెద్ద మేత భూములను ర్యాంచి అంటారు. ర్యాంచి అంటే మన తరానికి 1971లో వచ్చిన కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు'లోని గుర్రాలు, టోపీలే జ్ఞాపకం. అమెరికాలో 1862 నాటి హోంస్టెడ్ చట్టం 160 ఎకరాల వరకు భూమిని అయిదేళ్ళు సాగుచేసుకొన్నవారి పేర వ్రాసి ఇచ్చింది. ఆ భూములు అక్కడి ఆదివాసుల నుండి లాక్కొన్నవన్న సంగతి మరువరాదు. అయితే ఆ చట్టం పెళ్ళి కాని స్త్రీకి, వితంతువుకు కూడా తన పేరుతో దరఖాస్తు చేసుకొనే హక్కు ఇచ్చింది. ఎలినోర్ ప్రూయిట్ స్టీవర్ట్ అనే ఆమె 1909లో చిన్న కూతురితో వయోమింగ్ రాష్ట్రానికి ఒక ర్యాంచి యజమాని ఇంటిలో పనికి వచ్చి, తన పేర భూమికి దరఖాస్తు పెట్టింది. ఆమె ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చి పేరు పొందాయి. ఆ యజమానినే పెళ్ళి చేసుకొన్న తరువాత ఆ భూమిని అత్తగారి పేరుకు వదులుకోవలసి వచ్చింది. పని చేయడం వేరు, పేరు నిలుపుకోవడం వేరు. అక్కడైనా ఇక్కడైనా సంగతి ఇదే.

మన రాష్ట్రంలో మార్పు రెండు దారులలో వచ్చింది. మొదటిది చట్టం. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. రెండవది సంఘం. కేంద్ర ప్రభుత్వం 1982-83లో 50 జిల్లాలలో డ్వాక్రా పథకాన్ని ప్రారంభించింది. 1990లలో మన రాష్ట్రంలో పొదుపు సంఘం లేని ఊరు అరుదయింది.

చెన్నేకొత్తపల్లికి మరొక ప్రత్యేకత ఉంది. 1990లో సి.కె. గంగూలీ (అందరూ బబ్లూ అంటారు), ఆయన భార్య మేరీ వట్టమట్టం, మరికొందరు మిత్రులు కలిసి ఊరికి దగ్గరలో 32 ఎకరాల బీడు కొని దానికి టింబక్టు అని పేరు పెట్టారు. నేల, ఆకాశం కలిసే చోటు అని దానికి అర్థం చెప్పుకొన్నారు. బీడులో చెట్లు పెంచడంతో ఆగక, చుట్టుప్రక్కల ఊళ్ళ స్త్రీలతో పొదుపు సంఘాలు పెట్టించారు. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, అధికారుల పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘాలకు అది దారి చూపింది. మహాశక్తి అనే పేరుతో చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల స్త్రీల సంఘాలు ఆ చట్టం క్రిందనే పనిచేస్తున్నాయి. సభ్యులు స్త్రీలు, డైరెక్టర్లు స్త్రీలు. అప్పు ఎవరికివ్వాలో తీర్మానించేదీ వారే. భూమి పాసుబుక్కు లేని ఆడమనిషికి తన పొదుపే హామీ అయింది.

ఆ తరువాతి కాలంలో టీకాలకు పోయినప్పుడు నా పాత ప్రశ్నకు కొత్త జవాబులు రాసాగాయి. "నావే సార్. సంఘంలో అప్పు తీసి కొనుక్కుంటి. ఇంగా రెండు కంతులే ఉండేది" అని ఒకామె అన్నది నాకు బాగా జ్ఞాపకం. ఆ మాటతో మరికొన్ని మారాయి. ఇంతకుముందు దళారి ఇంటి ముందుకు వచ్చి యజమానితో గుట్టుగా చేతి గుడ్డ కింద వేళ్ళు పట్టి బేరం చేసేవాడు. ఇప్పుడు ఆమెను అడగనిదే పొట్టేలు దొడ్డి దాటదు. టీకా ఎప్పుడు వేస్తారని ఆఫీసుకు వచ్చి నిలదీసినవారిలో ఆడవారే ఎక్కువ. ఆస్తి తనదయితే ప్రశ్న దానంతటదే నోటికి వస్తుంది.

ఇటువంటిదే పెద్ద ఎత్తున తెలంగాణలోని ములుకనూరులో జరిగింది. స్త్రీలే సభ్యులుగా ఉన్న సహకార డెయిరీ అక్కడ 2002 నుండి నడుస్తున్నది. పాలు పిండే చేయి ఎవరిదో పాల బిల్లు మీద పేరూ వారిదే.

అయితే అంతా అయిపోయిందని సంతోషించడానికి లేదు. జీవం ఆమెదయినా అది మేసే బీడు ఎవరిదన్న ప్రశ్న మిగిలింది. ముష్టికోవిల చుట్టుప్రక్కల 7,000 ఎకరాలకు పైబడిన కొండ బంజరును ఊళ్ళవారు 1990ల నుండి కాపాడి, కల్పవల్లి అని పిలుచుకొన్నారు. గడ్డి తిరిగి మొలిచింది, ఈత చెట్లు వచ్చాయి, మందలకు మేత దొరికింది. రెవెన్యూ రికార్డులలో అది బంజరే గనుక, తరువాత గాలిమరల కోసం కొండల మీద రోడ్లు తవ్వినప్పుడు ఊరివారి సంఘం హరిత ట్రిబ్యునల్ వరకు పోవలసి వచ్చింది. మేత పోతే జీవం పోతుంది. జీవం పోతే ఆమె పేరున్న కాగితం చిత్తు కాగితమే.

కాగితం మీద పేరు విలువ మన పింఛనుదారులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పి.పి.ఓ.లో ఒక్క అక్షరం తప్పితే ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకు తెలుసు. దస్త్రాల భాష కూడా మనకు తెలుసు. అందుచేత సభ్యులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊరిలో జీవాలు పెంచుకొనే ఆడమనిషి ఎవరైనా ఇన్సూరెన్సు కాగితమో, పాసుబుక్కో చేత పట్టుకొని వస్తే చదివి పెట్టండి. అందులో పేరు ఎవరిదో ముందుగా చూడండి. ఆమెది కాకపోతే, ఆమె పేర ఎలా వ్రాయించుకోవాలో విడమరచి చెప్పండి.